మనసును తెలుగులో కొలిచేవాళ్లు కావాలి

డిమెన్షియా ఉందేమో తేల్చడానికి డాక్టర్లు దశాబ్దాలుగా అడుగుతున్న ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వందలోంచి ఏడు తీసేస్తే ఎంత, అందులోంచి మళ్లీ ఏడు తీసేస్తే ఎంత, ఇవాళ తేదీ ఎంత, ఏదైనా ఒక వాక్యం రాసి చూపించండి. బడి ముఖం చూడని డెబ్బై ఏళ్ల వ్యవసాయ కూలీ ఈ ప్రశ్నల దగ్గరే ఆగిపోతుంది. వారం రోజుల కూలి లెక్క వేళ్ల కణుపుల మీద పొల్లుపోకుండా చెప్పగలిగినా ఆమెకు మార్కులు తక్కువే వస్తాయి, లేని జబ్బు అంటగట్టినట్టవుతుంది. బాగా చదువుకున్న రిటైర్డు ఉద్యోగి మాత్రం మతి తప్పడం మొదలైన తర్వాత కూడా ఇదే పరీక్షలో గట్టెక్కేస్తాడు. మనసు గురించీ మెదడు గురించీ జరిగే పరిశోధనలో ఇప్పుడు పెద్ద కొరత ఇక్కడే ఉంది: మన భాషలో అడిగి, మన మనుషుల తీరు ఎరిగి, పద్ధతిగా కొలవగలిగేవాళ్లు తక్కువ. డిగ్రీ తర్వాత ఏం చదవాలా అని వెతుక్కుంటున్నవాళ్లు ఈ కొరతను గమనించాలి. దాన్ని తీర్చడానికి ఎంబీబీఎస్ సీటు తప్పనిసరి కాదు.

దీనికి హైదరాబాద్‌లోనే రుజువుంది. నిమ్స్ ఆసుపత్రి మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పరిశీలించి, 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ప్రచురించింది. ఒక్క భాషే వచ్చినవాళ్లతో పోలిస్తే, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. అక్షరం ముక్క రానివాళ్లలో కూడా ఈ తేడా కనిపించడం అసలు విశేషం. అంతకుముందు కెనడాలో ఇలాంటి పరిశోధన జరిగినప్పుడు, రెండు భాషలవాళ్లలో వలస వచ్చినవాళ్లే ఎక్కువ కావడంతో, తేడా భాష వల్లో వలస వల్లో విడదీయడం కష్టమైంది. తెలుగు, దక్కనీ, హిందీ ఒకే వీధిలో వినిపించే హైదరాబాద్‌లో ఆ చిక్కు తక్కువ. ఇది ఒక క్లినిక్‌కు వచ్చినవాళ్ల మీద చేసిన పరిశీలన కాబట్టి, రెండో భాష నేర్చుకుంటే జబ్బు రాదని దీన్నిబట్టి చెప్పేయకూడదు. కానీ ఈ పరిశోధన ఎవరు చేశారో చూడండి. నాడీ వైద్యులతో పాటు భాషాశాస్త్రం నుంచి దుగ్గిరాల వసంత, కాగ్నిటివ్ సైన్స్ నుంచి సూరంపూడి బాపిరాజు అందులో ఉన్నారు. ఎవరికి ఎన్ని భాషలు వచ్చు, చదువు ప్రభావాన్ని లెక్కలో ఎలా వేరు చేయాలి అన్నవి స్టెతస్కోపుకు అందే ప్రశ్నలు కావు.

దేశమంతటి చిత్రం చూస్తే ఇదే విషయం ఇంకో వైపు నుంచి తెలుస్తుంది. 2023లో వెలువడిన లాసీ-డాడ్ అధ్యయనం ప్రకారం 60 ఏళ్లు దాటిన భారతీయుల్లో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. ఆడవాళ్లలో, పల్లెల్లో, చదువు లేనివాళ్లలో ఇది ఎక్కువ. ఈ మూడూ ఒకే మనిషిలో కలిసే ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో. డిమెన్షియా కేసుల్లో సుమారు 45 శాతానికి, మనం మార్చుకోగలిగిన 14 కారణాలతో సంబంధం ఉందని వైద్య పత్రిక లాన్సెట్ వేసిన కమిషన్ 2024లో చెప్పింది. చిన్నప్పుడు చదువు అందకపోవడం, నడివయసులో వినికిడి తగ్గడం, బీపీ, షుగర్, పెద్ద వయసులో ఒంటరితనం, చికిత్స అందని చూపు లోపం ఆ జాబితాలో ఉన్నాయి. అరవై ఏళ్ల కింద ఆడపిల్లను బడి మాన్పించిన నిర్ణయం ఇప్పుడు ఆ ఇంట్లో ‘ముసలామె చాదస్తం’ అనే మాటగా వినబడుతూ ఉండవచ్చు. ఆరోగ్య అసమానత అంటే ఇదే. దీని మీద పనిచేయడానికి ఆడియాలజిస్టు, సామాజిక కార్యకర్త, గణాంక నిపుణుడు, నర్సు, అందరూ కావాలి.

డిప్రెషన్ దగ్గరకొస్తే భాష చిక్కు ఇంకా లోతుగా ఉంటుంది. ప్రశ్నావళిలో ‘గత రెండు వారాల్లో కుంగిపోయినట్టు అనిపించిందా’ అని అచ్చేస్తే, చాలామంది లేదంటారు. కోస్తాలో దిగులంటారు, బెంగంటారు. తెలంగాణలో రంది అంటారు. అసలు మనసు ఊసే ఎత్తకుండా తల బరువు, ఒళ్లు నొప్పులు, గుండె దడ అని చెప్పేవాళ్లు మరెందరో. ఏ మాట బాధను పట్టుకుంటుందో, ఏది మామూలు అలసటను కూడా జబ్బు కింద చూపిస్తుందో వందల మందితో మాట్లాడి తేల్చాలి. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందలేదు. నిమ్హాన్స్ నడిపిన ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు. పశ్చిమ గోదావరి పల్లెల్లో మాత్రం ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ తిరిగి, బాధలో ఉన్నవాళ్లను గుర్తించి డాక్టరు దగ్గరకు పంపే ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ ప్రయోగం నడిచింది. అలాంటి పనికి ప్రశ్నలు తయారుచేసేవాళ్లు, ఆశాలకు శిక్షణ ఇచ్చేవాళ్లు, వచ్చిన లెక్కలు సరిచూసేవాళ్లు లేకపోతే ట్యాబ్ ఒట్టి పలకే.

పిల్లల విషయంలో సికింద్రాబాద్‌కు పెద్ద పేరుంది. ఆటిజం తీవ్రతను అంచనా వేయడానికి దేశమంతా వాడే ఐసా కొలమానాన్ని 2009లో మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ రూపొందించింది. ఇప్పుడు ఆ సంస్థ పేరు ఎన్‌ఐఈపీఐడీ. చదవడం, రాయడంలో ఇబ్బంది అయిన డిస్‌లెక్సియాకు అలాంటి ఊతం తెలుగులో ఇంకా బలపడాలి. భారతీయ భాషల కోసం తయారైన డాలీ పరీక్ష ముందుగా వచ్చింది హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లిష్‌లలో. గుణింతాలు, వత్తులు ఉన్న లిపిలో పిల్లవాడు తడబడే తీరు ఇంగ్లిష్ స్పెల్లింగులో తడబడే తీరులా ఉండదు. ఆ తేడా తెలియని టీచరు వాణ్ని మొద్దబ్బాయి అనేస్తాడు. మెదళ్లు పనిచేసే తీరులో తేడాలు సహజమేననే ‘న్యూరోడైవర్సిటీ’ ఆలోచన 1990లలో ఆటిజం ఉన్నవాళ్ల సొంత చర్చల్లోంచి ఎదిగింది. అలాంటి అనుభవం ఉన్న విద్యార్థులు పరిశోధకులుగా రావడం ఈ రంగానికి ఎంతో అవసరం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్‌లో ఆటిజం, నేర్చుకోవడంలో ఇబ్బంది, మానసిక అనారోగ్యం వంటివాటికి కలిపి 1 శాతం ఉందన్న సంగతి వాళ్లలో చాలామందికి తెలియదు.

దారుల విషయంలో ఒక్క హెచ్చరిక ముందు చెప్పాలి. ఎంఏ సైకాలజీ చేసినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టు అయిపోరు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన వృత్తి కోర్సు, ఆ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. స్పెషల్ ఎడ్యుకేషన్, స్పీచ్ అండ్ హియరింగ్ కోర్సులకూ ఇదే వర్తిస్తుంది. ఆ కోర్సుల స్వరూపం ఇప్పుడు మారుతోంది కాబట్టి, ఫీజు కట్టేముందు కౌన్సిల్ జాబితాలో ఆ కాలేజీ, ఆ కోర్సు, ఆ సంవత్సరం మూడూ ఉన్నాయో లేదో స్వయంగా చూసుకోవాలి. చికిత్స కంటే పరిశోధన వైపు మనసున్నవాళ్లకు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కాగ్నిటివ్ సైన్స్, హెల్త్ సైకాలజీ, ప్రజారోగ్యం ఉన్నాయి. భాషాశాస్త్రం చదివినవాళ్లు, స్టాటిస్టిక్స్ చదివినవాళ్లు అటు వెళ్లొచ్చు. ఎంఎస్‌డబ్ల్యూ వాళ్లకు సైకియాట్రిక్ సోషల్ వర్క్, బీఎస్సీ నర్సింగ్ వాళ్లకు మానసిక ఆరోగ్య నర్సింగ్ ఉన్నాయి.

ఇందులో జీతం ఏముంటుంది, పర్మనెంటు ఏముంటుంది అని ఇంట్లో అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పరిశోధన ఉద్యోగాల్లో ఎక్కువభాగం ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉంటాయి. అది ముగిశాక మళ్లీ వెతుక్కోవాలి. అందుకే రిజిస్ట్రేషన్ ఇచ్చే వృత్తి అర్హత ఒకటి చేతిలో పెట్టుకుని, దాని మీద పరిశోధన నేర్చుకోవడం క్షేమం. ప్రాజెక్టు ఆగినా స్పీచ్ థెరపిస్టుకు పని ఆగదు. పేదరికమే మూలమైనప్పుడు కొలతలతో ఏం ఒరుగుతుందన్నది ఇంకో అభ్యంతరం. పేదరికం మూలమన్నది నిజమే. కానీ ఏ ఊళ్లో ఎంతమంది చికిత్సకు దూరంగా ఉన్నారో అంకె లేకపోతే బడ్జెట్‌లో వాళ్లకంటూ పద్దు ఉండదు, పీహెచ్‌సీకి మందూ రాదు.

ఇక కృత్రిమ మేధ వచ్చేసింది, గొంతు విని జబ్బు చెప్పేస్తుంది అనేవాళ్లున్నారు. ఆ పరిశోధన జరుగుతున్న మాట నిజమే. అయితే యంత్రం నేర్చుకోవాలంటే ముందు శ్రీకాకుళం పెద్దాయన మాట, ఆదిలాబాద్ గోండు అవ్వ తెలుగు రికార్డు కావాలి. మాట మధ్యలో ఆమె ఆగితే, అది పేరు గుర్తురాక ఆగిందా, తన భాషలోని మాటకు తెలుగు వెతుక్కుంటూ ఆగిందా, కొత్తమనిషి ముందు మొహమాటపడి ఆగిందా అని పక్కన కూర్చుని విని గుర్తు పెట్టాల్సింది మనిషే.