పెద్ద కంపెనీకి మినపగుళ్లు: ఆర్డరు తేలేదాకా జాగ్రత్తలు

అమృతలూరు, వేమూరు, చెరుకుపల్లి మాగాణుల్లో వరి కోతకు ముందు చల్లిన మినుము ఫిబ్రవరి, మార్చిల్లో చేతికొస్తుంది. తెనాలి వైపు మిల్లుల్లో గుళ్లవుతుంది. బజారు కొట్లకు వేస్తే లెక్క త్వరగా తేలుతుంది. అదే పెద్ద సూపర్‌మార్కెట్ కంపెనీకి అమ్మాలంటే శాంపిల్, ల్యాబ్ రిపోర్టు, మిల్లు తనిఖీ, వెండర్ కోడ్ అంటూ నెలలు పడుతుంది. సరుకు మంచిదైనా, ఆ నెలల్లో పెట్టుబడి ఇరుక్కుపోయి చిన్న మిల్లు దెబ్బతింటుంది.

చేయవలసినవి

కొనుగోలు నిర్ణయించేదెవరు, నాణ్యత పాస్ చేసేదెవరు, బిల్లు చెల్లించేదెవరు అన్నది మొదట్లోనే అడగండి. సాధారణంగా వీళ్లు వేర్వేరు మనుషులు. పర్చేజ్ మేనేజర్ ఒక్కరినే నమ్ముకుంటే, ఆయన బదిలీ అయిన రోజున కథ మళ్లీ మొదటికొస్తుంది. మాట్లాడిన విషయాలు ఆ సాయంత్రమే మెయిల్ పెట్టండి.

శాంపిల్ ఇచ్చేటప్పుడు ఒకే లాట్ నుంచి రెండు ప్యాకెట్లు కట్టి సీలు వేయండి. తేదీ, లాట్ నంబరు, తేమ, ముక్కల శాతం రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఒకటి వాళ్లకు, ఒకటి మీ బీరువాకు. రేపు లారీ వెనక్కి పంపుతామంటే మీ తరఫున సాక్ష్యం ఆ ప్యాకెట్టే.

కొటేషన్ మీద గడువు తేదీ తప్పక వేయండి. బర్మా నుంచి మినుము దిగుమతుల మీద ఢిల్లీలో ఒక నిర్ణయం వస్తే ఇక్కడి ధర కదులుతుంది.

సరుకు పంపకముందే ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) నమోదు చేయించుకోండి, అది ఉచితం. ఆ నమోదు ఉంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమకు బాకీని ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా, ఎంతైనా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. సరుకు చేరిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలి. అయితే ఈ రక్షణ మిల్లు ఆడించేవారికే. కొని అమ్మే వ్యాపారులకు వర్తించదు.

చేయకూడనివి

"ఆర్డరు మీదే, స్టాకు సిద్ధం చేసుకోండి" అన్న ఫోను మాట మీద అప్పు తెచ్చి గోడౌను నింపకండి. మినుముకు పుచ్చుపురుగు బెడద ఎక్కువ. కంపెనీ ఆలోచించే లోపే గింజకు చిల్లులు పడతాయి. పర్చేజ్ ఆర్డరు కాగితం వచ్చాకే కొనుగోలు మొదలుపెట్టండి.

ఇన్నేళ్లుగా మీ దగ్గర కొంటున్న కొట్లవాళ్లకు సరుకు ఆపకండి. ఆ ఎదురుచూపుల నెలల్లో కూలీల జీతం వాళ్ల డబ్బుతోనే గడుస్తుంది.

వెండర్ రిజిస్ట్రేషన్ ఫీజు ముందుగా పంపమని ఫోను వస్తే పైసా పంపకండి. కంపెనీ ఆఫీసుకు మీరే ఫోన్ చేసి కనుక్కోండి. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

ఆలస్యానికి విసిగి అడగకుండానే ధర తగ్గించకండి. తగ్గించిన ధరనే వాళ్లు మళ్లీ బేరానికి మొదలుగా పెట్టుకుంటారు.

బాకీ మీద ఫిర్యాదుకు ప్రభుత్వ పోర్టల్ ఉంది. కానీ ఫిర్యాదు చేస్తే తర్వాతి ఆర్డర్లు పోతాయన్న భయం నిజమైనదే. అందుకే మొదటి లోడు చిన్నదిగా పంపండి. దాని డబ్బు బ్యాంకులో పడకుండా రెండో లారీ ఎక్కించకండి.