స్టాక్ కొనే ముందు ఇనుము కొలవండి

ఇక్కడ పెన్సిల్వేనియాలో రైఫిల్‌తో జింకల వేట థాంక్స్‌గివింగ్ తర్వాత వచ్చే శనివారం మొదలవుతుంది. 2019కి ముందు అది సోమవారం. అక్టోబరు రాగానే నాకు మన కుర్రాళ్ల ఫోన్లు మొదలు: "బాబాయ్, స్టాక్ తెప్పించాను, అందులో రైఫిల్ కూర్చోవడం లేదు." స్టాక్ అంటే రైఫిల్ ఇనుము కూర్చునే, భుజానికి ఆనే భాగం. పాత చెక్క చీలిందనో, పాత రైఫిల్ చవగ్గా దొరికిందనో కొత్తది వెతుకుతారు. స్టాక్ సరిగ్గా కూర్చోకపోతే గురి నిలవదు. గురి నిలవకపోతే జింక ఒక్క గుండుకి పడదు, గాయంతో అడవిలోకి పోతుంది. నాకు బాధ ఆ జింక గురించే. అందుకే వాళ్లకి చెప్పేవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

1. రైఫిల్ పేరు చూసి కొనకండి. "రెమింగ్టన్ 700కి సరిపోతుంది" అన్నది సగం సమాచారమే. 1962 నుంచి వస్తున్న ఆ రైఫిల్లో పొట్టి యాక్షన్ (బోల్ట్, దాన్ని పట్టే రిసీవర్ కలిసిన భాగం), పొడుగు యాక్షన్ అని రెండున్నాయి. .308 తూటా మొత్తం పొడవు దాదాపు 2.8 అంగుళాలు, .30-06ది 3.34. అందుకు తగ్గట్టే రిసీవర్ పొడవు, స్క్రూల మధ్య దూరం, మ్యాగజైన్ గాడి మారిపోతాయి. మళ్లీ అందులోనే ఏడీఎల్, బీడీఎల్ అని రెండు రకాలు. ఏడీఎల్ స్టాక్ అడుగు మూసి ఉంటుంది. బీడీఎల్‌కి అడుగున తెరుచుకునే లోహపు తలుపు ఉంటుంది. ఏడీఎల్ రైఫిల్‌ని బీడీఎల్ స్టాక్‌లో పెట్టాలంటే ఆ తలుపు, మ్యాగజైన్ డబ్బా విడిగా కొనాలి. చవగ్గా వచ్చిన స్టాక్ ఖర్చు అక్కడ పెరుగుతుంది.

2. తయారైన సంవత్సరం తెలుసుకోండి. వించెస్టర్ 70 1936లో వచ్చింది, 1964లో మారిపోయింది. పాతవాటిలో చాలావాటికి బ్యారెల్ అడుగున ఒక బుడిపె ఉంటుంది, ముందు చెక్కలోంచి వచ్చే స్క్రూ దానిలో దిగుతుంది. కొత్త స్టాక్‌లో దానికి చోటుండదు. రూగర్ 77 ముందు స్క్రూ ఏటవాలుగా ఉండి యాక్షన్‌ని కిందికీ వెనక్కీ లాగుతుంది, నిలువు రంధ్రమున్న స్టాక్ దానికి పనికిరాదు. పైగా పాత 77కి సేఫ్టీ యాక్షన్ వెనక తోక మీద ఉంటుంది, మార్క్ 2కి బోల్ట్ పక్కన. ఒకదాని స్టాక్ ఇంకొకదానికి కుదరదు. టిక్కా టీ3లో అయితే తన్నుని ఆపే లగ్గు రిసీవర్‌కి కాకుండా స్టాక్‌లోనే ఉంటుంది. స్టాక్‌తో పాటు ఆ ముక్క వస్తోందా లేదా అడగండి.

3. విప్పి కొలవండి. ముందు చేంబర్లో, మ్యాగజైన్లో తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమి, బోల్ట్ బయటికి తీసేయండి. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టండి. స్క్రూల మధ్య దూరం కేంద్రం నుంచి కేంద్రానికి కాలిపర్‌తో తీసుకోండి. లగ్గు మందం, బ్యారెల్ మొదట్లోనూ చివర్లోనూ లావు, బోల్ట్ పిడి దిగే చోటు రాసుకోండి. అమ్మేవాడికి పేరుతో పాటు ఆ కాగితం కూడా పంపండి.

4. బ్యారెల్ గాడి పెద్దదైతే అందం పోతుంది, చిన్నదైతే గురి పోతుంది. లావు బ్యారెల్ కోసం తవ్విన స్టాక్‌లో సన్నది పెడితే ఖాళీ కనిపిస్తుంది, అంతే. కానీ చెక్క ఒక పక్క బ్యారెల్‌ని తాకుతుంటే, నవంబరు తడికి వాల్‌నట్ ఉబ్బినప్పుడల్లా గుండు పడే చోటు జరుగుతుంది. బ్యారెల్ కింద డాలర్ నోటు దూర్చి రిసీవర్ దాకా లాగి చూడండి. పట్టేస్తే అక్కడ చెక్క తీయాలి.

5. "డ్రాప్ ఇన్" అన్న మాట నమ్మి ఊరుకోకండి. అచ్చంగా అలా కూర్చునేవి తక్కువ. ద్వారబంధంలో తలుపు కూర్చోబెట్టే వడ్రంగిలా తాకే చోటు చూసి, కాస్త తీసి, మళ్లీ పెట్టి చూడాలి. లగ్గు వెనక ముఖం స్టాక్‌కి పూర్తిగా ఆనాలి, తన్నంతా మోసేది అదే. యాక్షన్ తోక వెనక మాత్రం వెంట్రుకవాసి ఖాళీ వదలాలి. లేకపోతే ప్రతి పేల్పుకీ తోక చెక్కలోకి మేకులా దిగుతుంది. స్టాక్ మణికట్టు (చేత్తో పట్టుకునే సన్న భాగం) దగ్గర నేను చూసిన చీలికల్లో ఎక్కువ అక్కడ పుట్టినవే.

ఎపాక్సీతో బెడ్డింగ్ చేస్తే, అంటే యాక్షన్ కింద ఎపాక్సీ పోసి అచ్చుగా కూర్చోబెడితే మాత్రం లగ్గు ముందు, పక్కలు, అడుగు టేపు వేసి, ఇనుమంతటికీ విడిపించే మందు పూయండి. స్క్రూ మరల్లో కూడా. ఒక్క చోట మరిచినా యాక్షన్ స్టాక్‌లోనే అతుక్కుంటుంది. చేతికి అలవాటు లేనివాళ్లు గన్‌స్మిత్‌కి ఇవ్వడం మంచిది.

6. స్క్రూ బిగింపు టార్క్ రెంచ్‌తో. అల్యూమినియం దిమ్మ ఉన్న స్టాక్‌కి 65 అంగుళ-పౌన్లు మామూలు. పిల్లర్లు (స్క్రూ చుట్టూ ఉండే లోహపు గొట్టాలు) లేని ఉత్త చెక్కకి అంత వద్దు, 35 నుంచి 45 మధ్య ఆపుతారు. తయారీదారు కాగితంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి. వించెస్టర్ 70 నడిమి స్క్రూ ఊరికే ఆనిస్తే చాలు, గట్టిగా తిప్పితే యాక్షన్ వంగుతుంది.

7. రైఫిల్‌కి కుదిరాక మీకు కుదరాలి. ట్రిగ్గర్ నుంచి భుజానికి ఆనే వెనక అంచు మధ్య దాకా కొలత మామూలుగా 13.5 అంగుళాలు. పొట్టి చేతులవాళ్లు మందపాటి చలికోటు తొడుక్కుంటే అది పొడుగైపోతుంది. కొలత కోటుతోనే తీసుకోండి. స్కోప్ ఉన్న రైఫిల్‌కి చెంప ఆనే భాగం ఎత్తుగా ఉండాలి.

8. కొత్త స్టాక్‌లో బిగించాక ఖాళీ రైఫిల్‌తో బోల్ట్ పూర్తిగా మూసుకుంటోందా, పిడి చెక్కకి తగులుతోందా, సేఫ్టీ రెండు వైపులా స్వేచ్ఛగా కదులుతోందా చూడండి. ట్రిగ్గర్ చెక్కకి రాసుకుంటే అది ప్రాణాల మీదికి తెస్తుంది. తర్వాత రేంజికి వెళ్లి గురి మొదటినుంచి సరిచేయండి. పాత గురి ఇక చెల్లదు.

9. స్టాక్ కొనడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, చట్టం దృష్టిలో తుపాకీ అంటే రిసీవరే. కానీ హెచ్-1 లాంటి వీసా మీద ఉన్న పిల్లలు తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు దానికున్న మినహాయింపుల్లో ఒకటి. ముందు లాయర్‌ని అడగండి.

10. పాత స్టాక్ పారేయకండి, కోయకండి. 1964కి ముందు వించెస్టర్‌కి అసలు స్టాక్ పోతే విలువ బాగా పడిపోతుంది. సన్నటి చీలికైతే ఎపాక్సీ ఎక్కించి, లోపల పిన్ను దింపి నిలబెట్టే గన్‌స్మిత్‌లు ఉన్నారు. కొత్తది వెతికే ముందు ఆ ఖర్చెంతో కనుక్కోండి.