పిల్లాడికి సీఎన్‌సీ కొనేముందు చేతికి రూటర్ ఇవ్వండి

ఇంటర్ ఎంపీసీలో రెండు సబ్జెక్టులు పోయాయి. లేదా పాసయ్యాడు కానీ ఈఏపీసెట్‌లో ర్యాంకు రాలేదు. ఒకప్పుడు ఈ పరిస్థితిలో నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు ఏ డిగ్రీలో చేర్పించాలని అడిగేవారు. ఈమధ్య కొందరు తామే ఒక నిర్ణయానికి వచ్చి మరీ వస్తున్నారు: "అబ్బాయికి సీఎన్‌సీ రూటర్ మిషన్ పెట్టిద్దామనుకుంటున్నామండీ. చెక్క నేమ్ బోర్డులకు మంచి గిరాకీ ఉందట కదా." ఫోన్ తీసి వీడియో చూపిస్తారు. మిషన్ దానంతటదే కదులుతూ టేకు పలక మీద ఇంటి పేరు చెక్కేస్తుంటుంది. పక్కన నిలబడ్డ మనిషి రోజుకు ఇంత మిగులుతుందని లెక్కలు చెబుతుంటాడు.

గిరాకీ ఉన్న మాట నిజమే. కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు గేటు పక్కన గ్రానైటు పలకకు బదులు చెక్క పలక కావాలంటున్నారు. గృహప్రవేశానికి వెండి గిన్నె స్థానంలో ఇంటి పేరు చెక్కిన బోర్డు కానుకగా ఇచ్చేవారూ ఉన్నారు. హోటళ్లు, రిసార్టులు, బడులు, గుళ్లు సైతం అడుగుతున్నాయి. అయితే మిషన్ కొంటే పని వచ్చేసినట్టేనన్నది అపోహ. ఆ నమ్మకంతో స్థలం తాకట్టు పెట్టడానికి సిద్ధపడే తండ్రిని చూస్తే నాకు బాధేస్తుంది. ఇంజినీరింగ్ సీటు కోసం పిల్లవాణ్ని రెండేళ్లు హాస్టల్లో నలగ్గొట్టింది చాలక, ఇప్పుడు వాడి నెత్తిన బ్యాంకు వాయిదా కూడా పెడుతున్నారు.

ఒకసారి లెక్క చూడండి. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు బల్ల ఉన్న సీఎన్‌సీ మిషన్ లక్షల్లో మాట. ఆరు లక్షలు 12 శాతం వడ్డీకి ఐదేళ్ల గడువుతో అప్పు చేస్తే నెలకు దాదాపు రూ.13,350 కట్టాలి. గడువు తీరేసరికి కట్టింది ఎనిమిది లక్షలు దాటుతుంది. షెడ్డు అద్దె, కరెంటు, దుమ్ము లాగే యంత్రం, విరిగిపోయే బిట్లు వేరే. పద్దెనిమిదేళ్ల కుర్రాడు మొదటి ఆర్డరు చూడకముందే ఈ బరువు మోయాలి. "మిషన్ మా దగ్గర కొనండి, ఆర్డర్లు మేమే ఇస్తాం" అనే అమ్మకందారుల దగ్గర మరీ జాగ్రత్త. నెలకు ఎన్ని ఆర్డర్లు, ఏ ధరకు, ఎన్నాళ్లపాటు, ఇవ్వకపోతే ఏం చేస్తారు? ఈ నాలుగూ కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. అక్కడే సంగతి తేలిపోతుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉచితమంటూ పెన్‌డ్రైవ్‌లో దొంగ కాపీ చేతిలో పెడితే అదీ తీసుకోవద్దు.

ఫ్లెక్సు వచ్చినప్పుడు ఏం జరిగిందో మా తరం కళ్లారా చూసింది. గోడల మీదా, గుడ్డ బ్యానర్ల మీదా కుంచెతో అక్షరాలు రాసి బతికిన పెయింటర్లకు పని పోయింది. ఆ మిషన్లు పెట్టినవాళ్లు బాగుపడ్డారా అంటే, కొన్నాళ్లే. వీధికి ఇద్దరు ముగ్గురు తయారవగానే చదరపు అడుగు ధర తగ్గించుకుంటూ పోయారు. అందరి దగ్గరా అదే యంత్రం, అదే ఫాంటు ఉన్నప్పుడు కొనేవాడు ధర తప్ప ఇంకేం చూస్తాడు? చెక్క బోర్డుల విషయంలోనూ అదే దారి కనిపిస్తోంది. అందుకే ఈ పని మీద నిజంగా ఇష్టమున్న పిల్లలకు నేను చెప్పేది ఒకటే: చేతి రూటర్‌తో, టెంప్లేట్‌తో మొదలుపెట్టండి.

రూటర్ అంటే నిమిషానికి పది వేల నుంచి ముప్పై వేల చుట్లు తిరిగే మోటారు, దాని కింద బిగించిన బిట్. మాడ్యులర్ కిచెన్ పనివాళ్లు సన్‌మైకా అంచులు కోయడానికి వాడే ట్రిమ్మర్ దీని చిన్న రూపమే. టెంప్లేట్ అంటే అచ్చు. ఆరు మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌లోనో, యాక్రిలిక్ షీటులోనో అక్షరాల ఆకారం కోసి, రెండు వైపులా అంటుకునే టేపుతో పలక మీద కదలకుండా బిగిస్తారు. రూటర్ అడుగున గైడ్ బుష్ అనే లోహపు వలయం ఉంటుంది. అది అచ్చు అంచును రాసుకుంటూ నడుస్తుంటే, దాని మధ్యలోంచి దిగిన బిట్ చెక్కను తొలుస్తుంది. బుష్ బయటి వ్యాసం 16 మి.మీ., బిట్ 6 మి.మీ. అనుకుందాం. తేడాలో సగం, అంటే 5 మి.మీ., ప్రతి అంచు దగ్గరా కోత లోపలికి జరుగుతుంది. కాబట్టి అచ్చులో గాడిని అక్షరం గీత కంటే 10 మి.మీ. వెడల్పుగా కోయాలి. పదో తరగతి లెక్కలు వచ్చిన పిల్లలెవరికైనా ఇది అందుతుంది. ఎంపీసీలో ఫెయిలయ్యాడని మీరు తిట్టిన పిల్లవాడు కూడా ఈ లెక్క గంటలో పట్టేస్తాడు, ఎందుకంటే తప్పు చేస్తే ఎక్కడ తేడా వచ్చిందో చెక్క మీద వాడికే కనిపిస్తుంది.

చేతికి రావాల్సిన విద్య మరికొంత ఉంది. అచ్చు లోపలి అంచు వెంట రూటర్‌ను గడియారం ముల్లు తిరిగే దిశలో నడపాలి. పలక బయటి అంచు కోసేటప్పుడు దిశ తిరగబడుతుంది. ఎదురు దిశలో నడిపితే బిట్ పరుగు తీసి చేతిలోంచి లాగేసుకుంటుంది. టేకులో ఒక్క విడతకు మూడు మిల్లీమీటర్లకు మించి దించకపోవడం మంచిది. ఎనిమిది మిల్లీమీటర్ల లోతు కావాలంటే మూడు విడతలు పడుతుంది. మరీ నెమ్మదిగా నడిపితే చెక్క మాడి నల్లబడుతుంది, తొందరపడితే అంచు చిట్లుతుంది. ఈ వేగం ఎంతుండాలో మోటారు శబ్దం విని తెలుసుకోవాలి. ఆ చెవి తయారవడానికి నెలలు పడుతుంది, రెండు రోజుల వర్క్‌షాపులో రాదు.

ఇంగ్లిష్ అక్షరాలకైతే రెడీమేడ్ అచ్చులు దొరుకుతాయి. ఇరవయ్యారు అక్షరాల ముక్కలు పక్కపక్కన పేర్చుకుంటే ఏ పేరైనా వచ్చేస్తుంది. తెలుగుకు అలా కుదరదు. మన వీధుల్లో తరచూ కనిపించే "లక్ష్మీ నిలయం" తీసుకోండి. క్ష్మీ ఒక్కటే చూడండి: కకారానికి ష వత్తు, దాని పక్కన మ వత్తు, పైన గుడి దీర్ఘం. పైన గుడికీ, కింద వత్తుకీ చోటు వదలాలి కాబట్టి ఆరంగుళాల పలక మీద నాలుగంగుళాల అక్షరం పట్టదు. వత్తుల మధ్య అచ్చు గోడ సన్నబడి విరిగిపోతుంది. సున్నా గీతను కోయగానే మధ్యలోని గుండ్రటి ముక్క ఊడి కిందపడుతుంది. దాన్ని పట్టి ఉంచడానికి సన్నటి వంతెనలు వదలాలి. వంతెన దగ్గర బుష్ ఆగిపోతుంది కనుక అక్కడి చెక్కను తర్వాత ఉలితో తీయాలి. తలకట్టు కొన కూడా అంతే. గుండ్రటి బిట్ వాడి మొన తీయలేదు, వీ ఆకారపు బిట్టో, ఉలో పట్టాల్సిందే.

కష్టమంతా ఇక్కడుంది, సంపాదన కూడా ఇక్కడే ఉంది. ప్రతి పేరుకూ అచ్చు కొత్తగా గీయగలిగినవాడికి పోటీ తక్కువ. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన రామభద్ర, మల్లన్న లాంటి ఫాంట్లు అభ్యాసానికి బాగా పనికొస్తాయి. అయితే వాటిని యథాతథంగా కోస్తే పని జరగదు, గీత మందం మార్చాలి, వత్తులను సర్దాలి, వంతెనలు ఎక్కడ పెడితే కంటికి అడ్డురావో చూడాలి. అక్షరం మీద మక్కువ ఉన్న పిల్లలు ఇంటర్ తర్వాత బీఎఫ్ఏ అప్లైడ్ ఆర్ట్ చదవొచ్చు. హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ ప్రవేశ పరీక్ష పెట్టి సీట్లిస్తుంది. నన్నడిగితే, ఈ రంగంలో ఎదగాలనుకునేవారికి మిషన్ మీద పెట్టే ఆరు లక్షల కంటే ఈ చదువు మీద పెట్టే నాలుగేళ్లు విలువైనవి.

ఐటీఐలో కార్పెంటర్ ట్రేడ్ ఏడాది కోర్సు, ఎనిమిదో తరగతి పాసైతే చాలు, పద్నాలుగేళ్లు నిండి ఉండాలి. చెక్కను చదవడం నేర్పే చౌకైన దారి ఇదే. ఐటీఐ అనగానే ముఖం ముడుచుకునే తల్లిదండ్రులు అంతకు ఎన్నో రెట్లు ఫీజు కట్టి వారాంతపు వర్క్‌షాపులకు పంపిస్తుంటారు, నాకు అర్థం కాదు. ఆ వర్క్‌షాపు గోడ మీద ఐఎస్‌వో సర్టిఫికెట్ వేలాడుతుంటుంది. అది సంస్థ నిర్వహణ పద్ధతికి ఇచ్చేది, కోర్సుకు గుర్తింపు కాదు. ఫీజు కట్టేముందు ఒక్కటే అడగండి: ప్రతి విద్యార్థీ తన చేత్తో రూటర్ పట్టి పూర్తి చేసిన పలకలెన్ని? చూపించలేకపోతే వెనక్కి వచ్చేయండి. ఆధునిక యంత్రాల మీద శిక్షణ కావాలంటే బెంగళూరులోని వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ సంస్థ కేంద్ర ప్రభుత్వానిది, అక్కడ చెక్కపని శిక్షణ కేంద్రమే ఉంది.

అన్నిటికంటే ముందు మీ ఊళ్లోని వడ్రంగి మేస్త్రి దగ్గర కొన్ని నెలలు కూర్చోబెట్టండి. చేవకూ తెల్లకూ తేడా, పచ్చి చెక్క ఎండాక ఎటు వంగుతుంది, చిత్రిక ఏ దిశలో పట్టాలి, ఇవి ఆయన దగ్గర దొరికినంత బాగా ఇంకెక్కడా దొరకవు. వాన తగిలే చోటికి ఎండీఎఫ్ ఇవ్వకూడదు, ఉబ్బిపోతుంది. పలకకు ముందువైపే పాలిష్ వేసి వెనక వదిలేస్తే కొన్నాళ్లకు వంగుతుంది. "ఆ పని మన ఇంటావంటా లేదు" అని పిల్లవాడి ముందే అనే పెద్దలను దయచేసి ఆపమంటున్నాను. నేర్పే మనిషిని తక్కువ చేసి మాట్లాడితే నేర్చుకునేవాడి మనసు అక్కడ నిలవదు.

ఇక ఖర్చు. పావంగుళం కాలెట్ ఉన్న మంచి కంపెనీ ట్రిమ్మర్ నాలుగు నుంచి ఎనిమిది వేల మధ్య వస్తుంది. పలక మధ్యలో కోత మొదలుపెట్టాలి కాబట్టి నిటారుగా దిగే ప్లంజ్ బేస్ ఉన్నదే తీసుకోండి. బిట్లు, బుష్‌లు, క్లాంపులు, కళ్లద్దాలు, చెవులకు మఫ్‌లు, ఎన్95 మాస్కులు కలిపినా ఇరవై వేల లోపే. మాస్కు విషయంలో బేరం వద్దు. చెక్క దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

రెండడుగుల పొడవు, తొమ్మిదంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న పలక 216 ఘనపుటంగుళాలు, సరిగ్గా ఘనపుటడుగులో ఎనిమిదో వంతు. తరుగు తీసేసి అడుగుకు ఆరు పలకలే అనుకోండి. అడితిలో టేకు ఘనపుటడుగు నాలుగు వేలయితే పలకకు పడేది రూ.670 లోపు. మిగతా ధరంతా అక్షరానికీ, చేతికీ, పాలిష్‌కీ వచ్చేదే. మొదటి ఏడాది ఆ చేతికి వచ్చేది తక్కువగానే ఉంటుంది. సాయంత్రం కాగానే "ఈరోజు ఎంతొచ్చింది?" అని అడగకండి.

పని చేతికొచ్చి, పద్దెనిమిదేళ్లు నిండి, సొంతంగా చేసుకుంటున్నవారికి పీఎం విశ్వకర్మ పథకం ఉంది. 2023 సెప్టెంబరులో మొదలైన ఈ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. శిక్షణ రోజుల్లో రూ.500 చొప్పున భృతి, పనిముట్లకు రూ.15,000, ఆపైన 5 శాతం వడ్డీకి మొదట లక్ష అప్పు. అది తీరిస్తేనే రెండు లక్షల రెండో విడత. ఈ వరుసలో ఉన్న వివేకం నాకు నచ్చింది. చిన్న అప్పు తీర్చి చూపించాకే పెద్దది. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు, కాబట్టి పని తెలియని పిల్లవాడి పేరు మీద తొందరపడి దరఖాస్తు పెట్టి ఆ అవకాశం పోగొట్టుకోకండి.

సీఎన్‌సీ అసలే వద్దనడం లేదు. ఒకే డిజైను పలకలు యాభై కావాలని బడి నుంచో హోటల్ నుంచో ఆర్డరు వస్తే, పట్టణంలో జాబ్ వర్కు చేసే మిషన్ మీద కోయించి, ఉలిపనీ పాలిష్ మీ దగ్గర చేయండి. అలా ఏడాదిపాటు జాబ్ వర్కుకు కట్టిన బిల్లులన్నీ దాచండి. నెల సగటు బ్యాంకు వాయిదాను దాటినప్పుడు మిషన్ గురించి మాట్లాడుకోవచ్చు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. అక్షరాలు అందంగా గీసే అమ్మాయి ఈ పని నేర్చుకుంటానంటే "చెక్కపని నీకెందుకమ్మా" అని కొట్టిపారేస్తున్నారు. ట్రిమ్మర్ బరువు రెండు కిలోల లోపే. కావలసింది కండబలం కాదు, నిలకడైన చెయ్యి. చున్నీ, గాజులు తీసి పక్కన పెట్టి, జడ ముడేసుకుంటే చాలు. లుంగీ, చేతి దారాలు తీసేయమని మగపిల్లలకూ ఇదే జాగ్రత్త చెబుతాం. బిట్ మార్చేటప్పుడు ప్లగ్గు పీకేయాలన్న నియమం ఇద్దరికీ ఒక్కటే. దగ్గర్లోని మహిళా ఐటీఐలో ఈ ట్రేడు లేదంటే మామూలు ఐటీఐలోనే దరఖాస్తు పెట్టించండి, అమ్మాయిలకు అక్కడా సీటుంది.