మన చేతిలో ఉన్నది

పరీక్షలు సమీపించినకొద్దీ విద్యార్థిలోకమున వదంతులకు కొదవ ఉండదు. ఈ మారు ప్రశ్నాపత్రము కఠినమట. దిద్దువారు మరింత కఠినులట. పట్టా పొందినవారికే ఉద్యోగములు లేవట! ఈ ‘అట’ల నడుమ పుస్తకము తెరచియున్నను పుట కదలదు. ఇట్టి సందడిలో మనస్సును నిలుపుకొనుట ఎట్లు? ఇందుకు ఉర్దూ సాహిత్యమునుండి ఒక ఉదాహరణమును పరిశీలింతము.

1942 ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానము ఆమోదింపబడినది. మరునాటి వేకువనే నాటి కాంగ్రెసు అధ్యక్షులు మౌలానా అబుల్ కలాం ఆజాద్ నిర్బంధింపబడి, సహచరులతోపాటు అహ్మద్‌నగర్ కోటకు తరలింపబడిరి. వెలుపల ప్రపంచయుద్ధము, దేశమున అలజడి. వానిలో దేనిని మార్చుటకును ఆయనకు వీలులేదు. కాని తెల్లవారుజాము మాత్రము ఆయనదే. చీకటితోనే లేచి, స్వహస్తముతో తేనీరు కాచుకొని, మిత్రులు హబీబుర్ రహమాన్ ఖాన్ షేర్వానీ గారికి లేఖలు వ్రాయుచుండిరి. అవి పంపుటకు వీలులేని లేఖలు! తేనీటి రుచి, గదిలో గూడు కట్టిన పిచ్చుకలు, సంగీతము, దైవచింతన వానిలోని విషయములు. 1946లో అవియే ‘గుబారె ఖాతిర్’ అను గ్రంథమై వెలువడినవి. అదే కోటలో 1944లో జవాహర్‌లాల్ నెహ్రూ అయిదు నెలలలో ‘ది డిస్కవరీ ఆఫ్ ఇండియా’ రచించిరి.

అయినచో ఆజాద్ గారి హృదయము శిలయా? కాదు. 1943లో ఆయన సతీమణి జులేఖా బేగం కలకత్తాలో తీవ్ర అస్వస్థతకు లోనైరి. ప్రభుత్వమునకు విన్నపమేదైన ఉన్నచో అందజేయుదునని జైలు అధికారి తెలుపగా, ఆయన ఏమియు కోరలేదు. దినచర్యను మార్చుకొనలేదు. ఏప్రిల్ మాసమున ఆమె మరణించిరి. ఆ దినములలో వార్తాపత్రిక వచ్చు వేళకు తన గుండె ఎట్లు కొట్టుకొనెడిదో, పైకి కనబడు నిబ్బరము వెనుక ఎంత కలత ఉండెడిదో ఆయన తన లేఖలో దాచక చెప్పుకొనిరి.

మనము నేర్వవలసినది ఇదియే. నిగ్రహమనగా బాధ లేకుండుట కాదు. దుఃఖము ఆయన అధీనమున లేదు, దినచర్య ఉన్నది. ఉన్నదానిని ఆయన విడువలేదు.

మనకు వచ్చు మార్కులు మన చేతిలో లేవు; రేపటి ఉదయము చదువవలసిన పాఠము మన చేతిలో ఉన్నది. వీధిలోని మైకును మనము ఆపలేము. అది మ్రోగని వేకువను ఎన్నుకొనగలము. కావున ఏ వార్త చెవిని పడినను, “దీనికై నేడు మనము చేయగల పని కలదా?” అని ప్రశ్నించుకొందము. కలదేని వెంటనే చేయుదము. లేదేని పుస్తకమువైపు మరలుదము. మనస్సు మరల పరుగెత్తును. మరల తెచ్చి కూర్చుండబెట్టుదము. ఈ అభ్యాసము ఒక్కనాటితో అలవడదు. అయినను ప్రారంభించుటకు రేపటి వేకువ మనదే గదా!