పత్రికాభాష, ప్రాంతభాష: ‘ఛత్తీస్‌గఢ్ మిత్ర’ నిదర్శనము

బహుభాషాప్రాంతమున పత్రిక యే భాషలో వెలువడవలెనో నిర్ణయించునది జనసంఖ్య యొక్కటే కాదు. చదువ నేర్పిన బడి, అచ్చుకూటము, చందాదారు నింటికి చేరు టపా, ఈ మూడింటి బలము తఱచు మాతృభాషా బలమును మించుచుండును. బిలాస్‌పూర్ ప్రాంతమున పుట్టిన ‘ఛత్తీస్‌గఢ్ మిత్ర’ చరిత్ర యిందుకు సాక్ష్యము.

1900 జనవరిలో ఈ మాసపత్రిక నాటి బిలాస్‌పూర్ మండలములోని పెండ్రానుండి వెలువడెను. సంపాదకులు మాధవరావు సప్రే, రామరావు చించోల్కర్. సప్రే పెండ్రా రాజకుమారునకు ఉపాధ్యాయుడు. అతని బాల్యవిద్య బిలాస్‌పూరులో సాగినది. ఆయన మాతృభాష మరాఠీ. చుట్టునున్న జనుల పలుకు ఛత్తీస్‌గఢీ. పత్రిక మాత్రము హిందీ. కూర్పు పెండ్రాలో జరిగినను, అచ్చు మొదట రాయపూరులోను, పిమ్మట నాగపూరులోను జరిగెను.

ఛత్తీస్‌గఢీకి వ్యాకరణము లేకపోవుటచే నిట్లయినదనుట చెల్లదు. హీరాలాల్ కావ్యోపాధ్యాయుడు 1885లోనే వ్యాకరణము రచించెను. గ్రియర్సన్ దానిని 1890లో ఆంగ్లమున ప్రకటించెను. కొఱవడినది శాస్త్రము కాదు, ఆ భాషను అచ్చులో చదువుట కలవాటుపడిన పాఠకుడు. మఱి సప్రేకు హిందీ యెట్లు సులభమైనది? మరాఠీ హిందీలు రెండును అచ్చులో నాగరిలిపినే వాడుటచే, భాష మార్చినను ఆయనకు లిపి మార్చవలసిన పని లేకపోయెను. ఇది చిన్న విషయముగా తోచును గాని, కాదు. గ్రంథవిమర్శకు పేరొందిన యీ పత్రికలోనే 1901లో సప్రే కథ ‘ఏక్ టోక్‌రీ భర్ మిట్టీ’ వెలువడినది. ఆర్థికనష్టము తాళలేక 1902 డిసెంబరులో పత్రిక నిలిచిపోయెను.

పశ్చిమాఫ్రికాలో దీనికి విపర్యయము కనబడును. నేటి నైజీరియాలోని అబెవోకుటలో 1859లో హెన్రీ టౌన్సెండ్ అను మతప్రచారకుడు ‘ఈవే ఇరోహిన్’ను యోరుబా భాషలోనే ప్రారంభించెను, ఆంగ్లభాగము తరువాత చేరినది. అచట మిషను బడులు యోరుబాలో చదువ నేర్పియుండుటచే పాఠకుడు ముందే సిద్ధముగా నుండెను. 1867లో ఐరోపీయులు వెడలగొట్టబడుటతో ఆ పత్రికయు ముగిసెను.

తెలుగున కింకొక మార్గము దొరకినది. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా బొంబాయిలో స్థాపించెను. భాషాభూమికి దూరమున అచ్చువేసి, రైలు టపాలమీద పాఠకుని చేరుట సాధ్యమని అది నిరూపించినది. 1914లో అది దినపత్రికయై మద్రాసు చేరెను.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి బిలాస్‌పూరులో స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ మార్గము సగమే యుపకరించినది. వారి పిల్లలు హిందీబడిలో చదివిరి. సప్రేకు లేని లిపిభేదము వీరికి కలదు. తాత పత్రిక చదివి వినిపించినచో మనుమడు మాటను గుర్తుపట్టును, అక్షరమును గుర్తింపలేడు.