డిస్కు గోల్ఫునకు ఎన్ని డిస్కులు కావలెను?

ఈ ఆట పేరు మన పెద్దలలో చాలమందికి కొత్తగా తోచవచ్చును. మా అన్నగారి కుమారుడు అమెరికాలోని షార్లెట్ నగరములో ఉద్యోగము చేయుచు ఆదివారములు ఈ ఆట ఆడుచుండును. నేను అక్కడికి వెళ్ళినప్పుడు వాని గది మూలలో ఒక పెద్ద వీపు సంచి కనబడినది. విప్పి చూడగా అందులో 22 ప్లాస్టిక్ పళ్లెములు! "ఏమిరా, కొట్టు పెట్టదలచితివా?" అని అడిగితిని. "కాదు చిన్నాన్నా, ఇవన్నీ ఒక్క ఆటకే" అనెను. ఒక్కొక్కటి 10 మొదలు 20 డాలర్ల వరకు వెల. 300 డాలర్లకు పైబడిన సొమ్ము ఆ సంచిలో కూర్చుని యున్నదన్న మాట. వర్తకుని కన్ను ఊరకుండునా? ఆ మూడు నెలలలో వానితో కలిసి మైదానమునకు వెళ్ళి, ఈ విషయమును కొంత నేర్చుకొంటిని.

గోల్ఫులో బంతిని కర్రతో కొట్టి గుంటలో వేయుదురు. ఇందులో పళ్లెమును, అనగా డిస్కును, చేతితో విసరి, గొలుసులు వ్రేలాడు ఇనుప బుట్టలో పడవేయుదురు. తక్కువ విసురులతో బుట్టలన్నియు ముగించినవారిది గెలుపు. ఆట స్థలములు చాల వరకు పురపాలక ఉద్యానములలోనే యుండుటచే రుసుము ఉండదు. చెట్లే అడ్డంకులు. పేదవాడు కూడ ఆడదగిన ఆట యిది. ఖర్చంతయు సామానులోనే దూరినది.

మొదట ఇట్లు లేదు. వాల్టర్ మారిసన్ అను నాతడు తయారుచేసిన ఎగిరే పళ్లెమును 1957లో వామ్-ఓ కంపెనీ అమ్మకమునకు పెట్టి ఫ్రిస్బీ అని పేరిడినది. ఆ కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ దాని పైభాగమున వలయములుగా గట్లు ఏర్పరచి, అది నిలకడగా ఎగురునట్లు చేసి 1967లో పేటెంటు పొందెను. డిస్కు గోల్ఫునకు తండ్రి అని పేరు గాంచినవాడు ఇతడే. 1975లో లాస్ ఏంజెలెస్ సమీపమున ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత ఆట స్థలము ఏర్పడినది. మరుసటి యేడు ఆటగాండ్ర సంఘము పుట్టినది. ఆ దినములలో దూరపు విసురునకును, బుట్ట దగ్గర విసురునకును సాధారణపు ఫ్రిస్బీయే ఆధారము. 1983లో డేవ్ డునిపేస్ అంచును ఏటవాలుగా చెక్కినట్లుండు డిస్కును తెచ్చెను. అది గాలిని కోసికొని ఎక్కువ దూరము పోవును. అది మొదలు దూరమునకొకటి, మధ్యకొకటి, దగ్గరకొకటి అని రకములు వేరుపడినవి. నేడు సంఘము ఆమోదించిన అచ్చులే వేయికి పైగా కలవు.

డిస్కు మీద నాలుగు అంకెలు అచ్చువేసి యుండును. మొదటిది వేగము, రెండవది తేలుడు. మూడవది విసరిన కొత్తలో ఏ ప్రక్కకు తిరుగునో చెప్పును; నాలుగవది వేగము తగ్గిన పిమ్మట ఎంత వంగునో చెప్పును. కుడిచేతివాడు చేతిని ఎదురు రొమ్ము మీదుగా లాగి విసరినచో డిస్కు మొదట కుడికి తిరుగజూచి, చివరకు ఎడమకు వాలును. బుట్ట దగ్గర వాడు ఏవియార్ అను డిస్కునకు 2, 3, 0, 1 అనియు, మధ్య దూరపు రాక్‌నకు 4, 4, 0, 3 అనియు, లెపర్డ్ అను దూరపు డిస్కునకు 6, 5, -2, 1 అనియు అంకెలు. వేగము అంకె 14 వరకు గల డిస్కులును ఉన్నవి.

కొత్తవాడు అంగడికి పోయి, పెద్ద అంకె చూచి, ఇది ఎక్కువ దూరము పోవునని కొనును. అక్కడే మోసపోవును. అంగడివాడు మోసగించుట లేదు, తన ఆశయే మోసగించుచున్నది. వేగము 12 గల డిస్కు ఆ వేగముతో విసరగల చేతికే తన గుణము చూపును. చేతిలో అంత వడి లేనప్పుడు అది మొదటి తిరుగుడు తిరుగకయే నేరుగా చివరి వంపులోనికి దిగి, ఎడమకు పడిపోవును. అదే చేతితో విసరిన మధ్య దూరపు డిస్కు దానికి సమానముగ, ఒక్కొక్కప్పుడు దానిని మించి కూడ పోవును. మావాడు మాత్రము ఇది పోలేదని మరొకటి, అదియు పోలేదని వేరొకటి కొని, తన చేతి లోపమును ప్లాస్టిక్ మీదికి నెట్టుచు వచ్చెను. 22 ఆ విధముగ చేరినవే.

నేను వానికి ఒక పని చెప్పితిని. మన కొట్టులో సంవత్సరాంతమున సరుకు లెక్క వేయునట్లు, గడచిన నెలలో ఏది ఎన్నిసారులు చేతిలోనికి వచ్చినదో కాగితము మీద వేయుమంటిని. వాడు నవ్వుచు కూర్చుండెను గాని, లెక్క తేలునప్పటికి నవ్వు పోయినది. అయిదు డిస్కులే తిరిగినవి. తక్కిన 17 కదలని సరుకు. దానిని వాడు వారము వారము వీపున మోయుచున్నాడు.

మరుసటి ఆదివారము ఒక్క రాక్ మాత్రమే చేత పట్టుకొని వెళ్ళితిమి. అక్కడి ఆటగాండ్రలో ఒకే డిస్కుతో పందెములాడు వాడుక యున్నది. మేము కనిపెట్టినది గాదు. ఒక్కటే యున్నప్పుడు ఏది తీయుదునా అను ఆలోచన పోవును. ఎడమకు వంగవలెనన్న బయటి అంచును క్రిందికి వాల్చి విసరవలెను. కుడికి పోవలెనన్న ఆ అంచును పైకెత్తవలెను. ఎంచుకొను పని సంచి నుండి మణికట్టునకు వచ్చి చేరును. ఆ దినమున వాడు తన మామూలు లెక్క కంటె నాలుగు విసురులు ఎక్కువ వేసెను. అంతేకదా అని వాడే ఆశ్చర్యపడెను.

ఇందులో నాకు మిక్కిలి నచ్చిన సంగతి మరొకటి కలదు. డిస్కు చెట్లకు తగిలి తగిలి అరుగును. అరిగిన కొలది ఎడమకు వాలు గుణము తగ్గి, కుడికి తిరుగు గుణము హెచ్చును. తెలిసిన ఆటగాండ్రు ఒకే అచ్చులో మూడింటిని కొని, ఒకటి కొత్తది, ఒకటి నడిమిది, ఒకటి ముసలిది ఉంచుకొందురు. కొత్తది ఎడమకు, నడిమిది తిన్నగా, ముసలిది కుడికి పోవును. చేతికి పట్టు మాత్రము ఒక్కటే. పాతదని పారవేయు వస్తువునకు ఇక్కడ కొత్తదానికి లేని విలువ యున్నది. చవక ప్లాస్టిక్ త్వరగా అరుగును, ఖరీదు ప్లాస్టిక్ ఏండ్లు నిలుచును. కాబట్టి ఈ పద్ధతికి చవక ప్లాస్టిక్కే అక్కరకు వచ్చును.

బంతి గోల్ఫులో ఒక ఆటకు 14 కర్రలకు మించి తీసికొనిపోరాదని అమెరికా గోల్ఫు సంఘము 1938లో నియమము పెట్టినది. అంతకు ముందు కొందరు రెట్టింపు కర్రలు మోయించుచుండిరి. డిస్కు గోల్ఫులో ఇట్టి సంఖ్యా నియమము లేదు. ఎన్నియైనను తేవచ్చును. కనుక హద్దు ఆటగాడు తనకు తానే గీసికొనవలెను. మన గృహస్థులకు పరిగ్రహ పరిమాణ వ్రతము తెలిసినదే. ఇంత బంగారము, ఇంత పొలము, ఇంతకు మించి నాకు వలదని ముందుగా సంఖ్య చెప్పుకొనుట. ఆ వ్రతమును ఆటవస్తువుతో సమానము చేయుట నా ఉద్దేశము గాదు. కాని సంఖ్యను కొనకమునుపే చెప్పుకొనవలెను, కొన్న పిమ్మట చెప్పుకొన్నది సంఖ్య గాదు, సాకు, అని మావానితో అన్నప్పుడు వాడు మారు పలుకలేదు.

దీనికి ఎదురు వాదము లేకపోలేదు. ఉన్న ఒక్కటి చెరువులో పడినచో ఆట ఆగిపోవును. బలమైన ఎదురుగాలిలో మెత్తగా తిరుగు డిస్కు పల్టీ కొట్టును. అప్పుడు గట్టిగా ఎడమకు వాలునది చేతనుండుట మేలు. పోటీలలో దిగు వారికి ఒకటి చాలదనుట న్యాయమే. కాబట్టి సాధారణపు ఆటగానికి దగ్గరకొకటి, మధ్యకొకటి, వేగము 6 లేక 7 గల దూరపుదొకటి, మధ్యదానికి మరొక జత, వెరసి నాలుగు నా లెక్క. అయిదనువారితో నేను తగవుపడను. తక్కిన సామాను సంగతి త్వరగా తేలును. తడి తుడుచుకొనుటకు ఒక తువాలు, మంచినీళ్ళ సీసా, జారని పాతబూట్లు. గుర్తు పెట్టు బుల్లి డిస్కు ఒకటి జేబులో వేసికొనవచ్చును గాని, నియమముల ప్రకారము చాల సందర్భములలో పడిన డిస్కే గుర్తుగా చాలును. చక్రముల బండి కొనువారును ఉన్నారు; వారి నడుములో నొప్పియున్న చెప్పలేము.

ఒక్క సంగతి మాత్రము మరువరాదు. డిస్కు అడుగున పేరు, ఫోను నంబరు వ్రాసి యుంచవలెను. మావాడు 18 డిస్కులను సగము వెలకు అమ్మివేసి నాలుగు నిలుపుకొనెను. గడచిన చలికాలములో ముసలి రాక్ వాగులో పడిపోయినదని దిగులుగా ఫోను చేసెను. కొత్తది కొనెదవా అంటిని. నెల రోజులు ఆగెదనన్నాడు. మూడవ వారమున ఎవరో తెలియనివారు నీళ్ళు తగ్గినప్పుడు దానిని తీసి, అడుగున నంబరు చూచి పిలిచి ఇచ్చిరట.