తీగ మీద వాలని వానకోయిల

సంక్రాంతి రోజుల్లో విజయనగరం నుంచి బొబ్బిలి వెళ్లే దారిలోనో, నౌపడా ఉప్పుమళ్ల పక్కనో కరెంటు తీగలకేసి చూడండి. తోక చీలిన చిన్న పిట్టలు బారులు తీరి కూర్చుని ఉంటాయి. ఇవే వానకోయిలలు. పేరులో ఉన్నా కోయిలతో వీటికి చుట్టరికం లేదు.

వీపు నిగనిగలాడే నీలి నలుపు. నుదురూ గొంతూ ఇటుక రంగు. రొమ్ముకు అడ్డంగా నల్లని పట్టీ, కింద తెల్లని పొట్ట. బరువు సుమారు 20 గ్రాములు. హిమాలయాల్లోనూ, ఇంకా ఉత్తరాదిన ఉన్న దేశాల్లోనూ ఇళ్ల దూలాలకు బురద ఉండలతో గూడు కట్టి పిల్లలను పెంచుతుంది. చలికాలానికి మన వైపు వస్తుంది. ముక్కు పొట్టిదే గాని నోరు చాలా వెడల్పు. ఎగురుతూనే పురుగులను పట్టి తింటుంది, చెరువు మీద ఎగురుతూనే నీళ్లు తాగుతుంది.

చిక్కల్లా తాటితోపుల దగ్గర వస్తుంది. అక్కడ ఏడాది పొడవునా కొడవలి రెక్కలతో, చీలిన తోకతో మరో పిట్ట తిరుగుతుంది. చాలామంది దాన్నీ వానకోయిలే అనుకుంటారు. అది తాటి స్విఫ్టు. ఒళ్లంతా బూడిద కలిసిన గోధుమ రంగు. ఈకలనూ దూదినీ తన ఉమ్మితో తాటాకుకు అంటించి గూడు చేస్తుంది. దాన్ని తీగ మీద ఎప్పుడైనా చూశారా? చూసి ఉండరు. దాని కాళ్లు గోళ్లతో పట్టుకుని వేలాడటానికే పనికివస్తాయి. వానకోయిలకు మూడు వేళ్లు ముందుకూ, ఒకటి వెనక్కూ ఉంటాయి గనుక తీగను చుట్టి పట్టుకోగలదు.

ఈ పోలిక మహామహులనే బోల్తా కొట్టించింది. 1758లో లిన్నేయస్ వానకోయిలకు హిరుండో రస్టికా అని పేరు పెట్టి, యూరపు స్విఫ్టునూ అదే ప్రజాతిలో చేర్చాడు. 1777లో స్కోపోలి స్విఫ్టుకు ఏపస్ అనే వేరే ప్రజాతిని ఏర్పరచాడు. కాళ్లు లేనిది అని ఆ మాటకు అర్థం! నేటి వర్గీకరణలో వానకోయిల కాకి, పిచ్చుకలతో పాటు పాసెరిఫార్మిస్ క్రమంలో ఉంది. స్విఫ్టుకు దగ్గరి బంధువు అమెరికా ఖండాల హమ్మింగ్ పక్షి.

మరి ఆ పోలిక ఎలా వచ్చింది? రెండూ గాలిలోనే పురుగులను వేటాడతాయి. ఒకే పని చేయడం వల్ల వేరువేరు వంశాలలో ఒకే రూపం ఏర్పడింది. క్రియాసామ్య అవయవాల పాఠంలో సీతాకోకచిలుక రెక్కనూ పక్షి రెక్కనూ పోల్చారు కదా, ఇదీ అలాంటిదే.

తీగ మీది పిట్టలన్నీ ఒకే జాతివి కాకపోవచ్చు. తోక మొదట్లో ఎర్రమట్టి రంగు పట్టీ, పొట్ట మీద సన్నని గీతలు ఉంటే అది ఎర్రనడుము వానకోయిల. పాత పుస్తకాలు దాన్నీ హిరుండో అనే రాశాయి. ఇప్పుడు సెక్రోపిస్ అంటున్నారు.

సెప్టెంబరు నుంచి తీగలను గమనించి, మొదటి వానకోయిల కనిపించిన తేదీ నోటుపుస్తకంలో రాయండి. తాటిచెట్ల చుట్టూ తిరిగేవాటిని మాత్రం ఆ లెక్కలో కలపకండి.